వినపడలేదన్నాను

చలికాలం యాసంగి నాట్లు మొదలైతే పొద్దున్నే గట్టు మీదికి పోను. చలి అంటాను. మా ఆయన నమ్ముతాడు. చలి కాదు. ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని కడుపులో దాచుకుని తిరుగుతున్నాను. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

మాది పాలమూరు. నా చిన్నతనం బొంబాయిలో, అమ్మానాయనలు ఇటుకలు మోసే చోట గడిచింది. అక్కడుండగా మా తాత చావుబతుకుల్లో ఉన్నాడని కబురొస్తే, స్లాబు పని ఆగిపోతుందని మేస్త్రి అమ్మకు చెప్పకుండా దాచాడు. "వాని నోట్లె మన్నువడ" అని అమ్మ పోయేదాకా తిట్టింది. నేనూ గొంతు కలిపి తిట్టాను.

తర్వాత మా ఊరికి కాలువ నీళ్లొచ్చాయి. మేం వలస మానేశాం. మా పొలాల్లో నాట్లకు బీహారు నుంచి మనుషులు రాసాగారు. ఊరు మారింది సరే, మారి నేను ఎవరినయ్యాను?

లఖన్ ఏటా వచ్చేవాడు. మా మాటే నేర్చుకుని నన్ను అక్కా అనేవాడు. ఆ ఏడు అతని ఫోన్ బురదలో పడి చెడిపోయింది. నాకు హిందీ వచ్చు కదా, ఇంటివాళ్లకు నా నంబరు ఇచ్చాడు. ఆ పొద్దున నేను ఛాయ్ తీసుకుని గట్టు మీదికి వెళ్లేసరికి అతని భార్య ఫోన్ చేసింది. మామకు ఊపిరి అందడం లేదట. కొడుకు గొంతు ఒక్కసారి వినిపించమని ఏడ్చింది.

లఖన్ పిలిస్తే పలికే దూరంలోనే, చల్లని బురదలో వంగి ఉన్నాడు. అతను లేస్తే గుంపంతా లేస్తుంది, అందరూ అన్నదమ్ముల పిల్లలే. నారు ముదిరింది. మర్నాటి నుంచి కాలువ బంద్. ఇదంతా ఆలోచించడానికి నాకు ఎంతసేపు పట్టింది? గుటక మింగినంత సేపు కూడా కాదు. "హలో, హలో, వినపడటం లేదు" అని హిందీలో అరిచి, కట్ చేసి, ఫోన్ ఆపేశాను.

"ఎవరక్కా, మా ఇంటికెల్లి ఫోనొచ్చిందా?"

"ఏమో తమ్మీ, ఏం వినవడ్తలే. జర గా మడి కానియ్యి."

అతను నవ్వి మళ్లీ వంగాడు. నాటు పూర్తయింది.

సాయంత్రం ఫోన్ ఇచ్చాను. అప్పటికే తండ్రి పోయాడు. లఖన్ మా వాకిట్లో కూలబడి ఏడుస్తుంటే మంచినీళ్లు తెచ్చి ఇచ్చాను. చూడండి, నీళ్లు కూడా ఇచ్చాను! అతనే కళ్లు తుడుచుకుని నన్ను ఓదార్చాడు. "నీదేం తప్పక్కా, సిగ్నల్ లేకపాయె." నేను తలూపాను.

ఇప్పటికీ వస్తాడు. వచ్చినప్పుడల్లా మా ఊరి సెల్ టవర్‌ను తిడతాడు. పక్కనే నిలబడి వింటాను. మా అమ్మ శాపం ఇప్పుడు ఎవరికి తగలాలో నాకు తెలుసు. చెబుదామని నోటిదాకా వస్తుంది. నాట్లయ్యాక చెబుదాంలే అనుకుంటాను. ఎంత సిగ్గులేనిదాన్నో చూశారా, ఇంకా నాట్లే చూసుకుంటున్నాను.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతుల్లో లేదు. అతనికి చెప్పలేని మాట ఇక్కడ రాస్తే కాస్త ఊపిరాడుతుందేమోనని రాస్తున్నాను.

విన్నాను తమ్మీ. నీ భార్య అన్న ప్రతి మాటా వినపడింది. ఆమె వెనక నుంచి మీ నాయిన నీ పేరు పిలవడం కూడా.