మిగిల్చిన రెండు టైర్లు

పోయినవన్నీ వరసగా రాస్తే ఇవీ: బడంగ్‌పేట్‌లో నూరు గజాల జాగా, చేతికొచ్చిన ఆరు పెళ్ళి బేరాలు, నాలుగు చక్రాలకూ బలం పంచే గేర్‌బాక్స్ ఒకటి, ఏ కాగితం మీద సంతకం పెట్టాలన్నా ముందు నాకు చూపించే మా బామ్మర్ది అలవాటు. మొన్న ఎల్.బి.నగర్ చౌరస్తాలో ఒక పసుపుపచ్చ స్పోర్ట్స్ కారు నా స్కూటర్ పక్కన గుర్రుమంటూ ఆగితే ఇవన్నీ గుర్తొచ్చాయి. సిగ్నల్ వదిలాక అదీ నేనూ సిటీ బస్సు వెనకే కదిలాం.

పదకొండేళ్ళ కిందట మా ఆవిడ తమ్ముడు జాగా అమ్మి, పెళ్ళిళ్ళకూ ఫొటోలకూ కిరాయికి తిప్పుతానని పాత స్పోర్ట్స్ కారు కొనబోయాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక డీలర్ దగ్గర ఒకే రంగువి రెండున్నాయి: వెనక చక్రాలే లాగే టూ వీల్ డ్రైవ్ ఒకటి, మూడు లక్షలు ఎక్కువ పలికే ఫోర్ వీల్ డ్రైవ్ ఒకటి. నేను లెక్కలు ఏ కాలేజీలోనూ చదవలేదు. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో లారీల డీజిలూ టైర్లూ కూడుతూ నేర్చుకున్నవే. ఆ విద్యతోనే రెండు పేజీలు నింపి, మంచూ కొండా లేని ఊళ్ళో, మెట్రో స్తంభాల కోసం సగం తవ్వేసిన రోడ్డు మీద పెళ్ళికొడుకును మోయడానికి రెండు చక్రాలే ఎక్కువని తేల్చాను. డీలర్ నా కాగితం వైపు చూడనైనా లేదు.

"నాలుగు గుంజంగ రెండెందుకు సార్? రోడ్డును పట్టుకుంటది," అన్నాడు. రెండుకంటే నాలుగు పెద్దదన్నంత వరకే అతని గణితం. మావాడికి అదే నచ్చి ఫోర్ వీల్ బండే కొన్నాడు.

"నువ్వు సైకిల్ కొన్నా డీజిల్ లెక్క అడుగుతవ్ బావా," అని నవ్వాడు.

ఆ నవ్వు గుచ్చుకుంది. అప్పటినుంచి ఆ బండిని ఈసడించుకోవడమే పనిగా పెట్టుకున్నాను. దానికి ఆనుకొని పట్టుబట్టల్లో ఫొటోలు దిగేవాళ్ళనూ, నాదర్‌గుల్ వైపు ఖాళీ రోడ్డు మీద దుమ్ము లేపి అదే వేగమనుకునేవాళ్ళనూ చూసి మూతి తిప్పుకొనేవాణ్ణి. బండిని ఎలా వాడాలో చెప్పే కంపెనీ పుస్తకం మావాడు నా బల్ల మీద పెట్టి వెళ్ళినా, దాన్ని తెరవడం నామోషీ అనిపించింది.

ఏడాది తిరిగేసరికి ముందువైపు టైర్లు రెండూ అరిగాయి. నాలుగూ మార్చాలా అని అతను నన్నే అడిగాడు. మా లారీలకు చేసినట్టే, అరిగినవే మార్చు, ముప్పై ఆరు వేలు మిగులుతాయని చెప్పి, అంకె కింద రెండు గీతలు కూడా గీశాను.

సరిగ్గా పెళ్ళిళ్ళ నెలలో బండి కింద నుంచి పొగ వచ్చింది. కొత్త టైర్లు ఒక కొలత, పాతవి ఒక కొలత కావడంతో చక్రాలు ఒక్క తీరుగా తిరగక, ఆ తేడా అంతా గేర్‌బాక్స్ మీద పడి అది కాలిపోయిందట.

"గీ బండికి నాలుగూ ఒక్కసారే మార్చాలె," అన్నాడు మెకానిక్. "రెండు చాలని ఏ అక్కల్‌మంద్ చెప్పిండన్నా, గంత తెలివిగల్లోడు?"

నేను పక్కనే నిలబడి ఉన్నాను. మా బామ్మర్ది నా వైపు చూడలేదు.

"నేనే అనుకున్న భాయ్," అన్నాడు.

బాగుచేయించే స్తోమత లేక బండిని అయినకాడికి అమ్మేశాడు. ఇప్పుడు మెట్రో నెత్తిమీద నుంచే పోతోంది, లెక్కలన్నీ ఫోన్లే చెబుతున్నాయి. అతను ఇంటికొస్తాడు, బావా అంటాడు, తిని నవ్వి వెళ్తాడు. కాగితం మాత్రం ఏదీ చూపించడు. రెండుసార్లు డబ్బు కవరులో పెట్టి ఇస్తే, "ఏం పైసలు బావా?" అంటూ తిరిగి నా జేబులోనే కుక్కాడు. ఆ కవరు మా బీరువాలో ఉంది. ముప్పై ఆరు వేలు.