మధ్యగీతకు ఎడమ పక్క

మా కాలేజీ పక్కన కడుతున్న ఇంట్లో ఈ వారం గచ్చు బండలు కోస్తున్నారు. నీళ్ళు పడిన రాతి పొడి వాసన కిటికీలోంచి వచ్చేసరికి పాఠం మధ్యలో నా మాట ఆగిపోయింది. నాకు అది ఆళ్ళగడ్డ వాసన. ఆ వెంటే కరుణమ్మ మేడం గుర్తొస్తారు. నంద్యాలలో ఒక మందుల షాపు మీద కంప్యూటర్ సెంటర్ నడిపేవారు. అంతకు ముందు బడిలో లెక్కలు చెప్పారు. పొట్టి మనిషి, మెడలో తాడుకు వేలాడే కళ్ళద్దాలు, చర్చిలో పాటకు తప్ప గొంతు పెంచేవారు కాదు. డిప్లొమా చేతికి రాగానే ఆమె దగ్గర పనికి చేరాను. నాకు తెలియనిది లేదనుకునే వయసు.

ఆళ్ళగడ్డలో ఒక శిల్పశాల యజమాని రాయి చెక్కే యంత్రం తెప్పించాడు. కంప్యూటర్‌లో వరుసగా ఆదేశాలు రాసిస్తే దాని ఉలి ఆ ప్రకారం తిరుగుతుంది. అక్కడి నలుగురు శిల్పులకు ఆ రాత నేర్పే పని మాకు వచ్చింది. "పది దినాలు చూస్తా. రాకుంటే బయటినుంచి ఆపరేటర్లను తెచ్చుకుంటా, వీళ్ళు వేరే పని చూసుకోవాల" అని వాళ్ళ ముందరే చెప్పేశాడు. వాళ్ళలో పెద్దవాడు ఓబులేసు. ముప్పై ఏళ్ళుగా అదే షెడ్డులో రాయి కొట్టిన మనిషి.

నేను రోజూ బస్సులో పోయి, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పేదాన్ని. యంత్రానికి సున్నా అంటే రాయి ఎడమ మూల, కొలతలన్నీ అక్కణ్ణుంచే. వాళ్ళు తలూపేవారు. రాయమంటే మాత్రం బొమ్మంతా ఒక మూలకు ముడుచుకుపోయేది. నాలుగో రోజు సాయంత్రం సెంటర్‌కు వచ్చి, "వాళ్ళ వల్ల కాదు మేడం. అవి సుత్తి పట్టే చేతులు" అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"వాళ్ళ తప్పులన్నీ ఒకే మాదిరి ఉండాయా, వేరేవేరేగానా?" అని అడిగారు మేడం. నేనది చూడనే లేదు. "రేపు నేనూ వస్తా" అన్నారు.

వచ్చి, కంప్యూటర్ వైపు కూడా పోలేదు. ఓబులేసు పక్కన గోనెపట్ట మీద కూర్చున్నారు.

"ఏమప్పా, కొత్త రాయి ముందర పెడితే మొదట ఏం చేస్తావ్?"

"నడిమిలో గీత గీస్తామ్మా. అది లేనిదే మాకు పని లేదు. ఈపక్క ఎంతో ఆపక్కా అంతే."

మేడం నా వైపు తిరిగారు. "విన్నావా షమీమ్? ఆయప్ప కొలత తప్పలేదు. నువ్వు మూలన నిలబడి పిలుస్తాండావ్, ఆయప్ప నడిమిలో ఉండాడు."

ఆ పూటే సున్నాను రాయి మధ్యకు మార్చాం. మేడం ఒక్కో ఆదేశానికి తెలుగులో అర్థం రాసి గోడకు అంటించారు. ఉలికి బదులు సుద్దముక్క బిగించి, పనికిరాని బండ మీద గీయించారు. రెండు రోజుల్లో వాళ్ళు పూలూ హంసలూ గీస్తున్నారు. ఒక్క చిక్కు మాత్రం మిగిలింది. గీతకు ఎడమ పక్క కొలతల ముందు మైనస్ గుర్తు పెట్టాలి. వాళ్ళకేమో రెండు పక్కలూ ఒకటే కొలత.

పదో రోజు యజమాని సుద్దముక్క తీయించి అసలు ఉలి పెట్టించాడు. ఒక గుడి పీఠానికి ఒప్పుకున్న నల్లరాయి, దాని మీద పద్మం. ఓబులేసు ఒంటివేలితో టైపు చేస్తుంటే మిగతా ముగ్గురూ గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఎడమ రేకు వరుసలో మైనస్ లేదు. అది నా కంట పడింది. అలాగే నడిపితే ఉలి కుడి రేకు మీదే రెండోసారి దిగి దాన్ని తవ్విపారేస్తుంది. రాయి పోతుంది, దాంతోపాటే నలుగురి బతుకూ. నోరు తెరవబోయాను. మేడం నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు. ఆమె చూపు కూడా ఆ వరుస మీదే ఉంది. ఆ క్షణం ఆమె మీద నాకు నిజంగా కోపం వచ్చింది.

"ఏందీ ఆలస్యం, నడుపు" అన్నాడు యజమాని.

ఓబులేసు వేలు మీట దాకా పోయి ఆగింది. "ఉండన్నా. దెబ్బ వేసే ముందర ఒకసారి గాల్లో ఆడించి చూసుకోవాల గదా" అని, ఉలిని రాయికి జానెడు పైకి లేపి అప్పుడు నడిపాడు. ఉలి గాలిలో కుడి రేకు తిరిగింది. మళ్ళీ కుడికే వచ్చింది. యజమాని మొహం ముడుచుకుంది. ఓబులేసు ఎవరి వైపూ చూడలేదు. రాయినీ తెరనూ మార్చి మార్చి చూస్తూ ఉండిపోయాడు. చివరికి "గుర్తు మరిచినా" అని గొణిగి, ఆ వరుసలో మైనస్ పెట్టి, ఉలిని కిందికి దించాడు. సాయంత్రానికి ఎనిమిది రేకులూ తేలాయి. యజమాని రాయిని చేత్తో తడిమి, "రేపట్నుంచి మీరే నడపండప్పా" అని వెళ్ళిపోయాడు.

తిరుగు బస్సులో నేను ఊరుకోలేకపోయాను. "రాయి పోయుంటే, మేడం?"

"పోయేదే" అన్నారు. "నువ్వు చెప్పింటే రాయి నిలిచేది. ఆయప్ప మాత్రం రేపట్నుంచి మీట నొక్కే ముందర నువ్వు యాడుండావా అని వెతుక్కుంటాంటాడు."

మేడం పోయి మూడేళ్ళు. నా క్లాసులో పిల్లలు తప్పు వరుస రాసి, మీట మీద వేలు పెట్టి, నా మొహం చూస్తారు. జవాబు నాలుక చివర ఉంటుంది. నేను బోర్డు వైపు తిరిగి నిలబడతాను. మేడంకు ఉన్న ధైర్యం నాకు లేదు. కాసేపటికి వెనక మీటల చప్పుడు మొదలవుతుంది. ఆ తర్వాత వాళ్ళు నన్ను పిలవరు.