మా అక్క బహిష్కరించిన మాట

మా అక్క ఇంట్లో బూతు మాట జారితే ఒక చూపుతో సరిపోతుంది. "అక్కడ" అన్న మాట జారితే మాత్రం ఆ పూటంతా ఆవిడ మొహం చూడలేం. "అక్కడ అంటే ఎక్కడ? పైనా, కిందా, లోపలా, వెనకా? నోరుంది కదా, చెప్పండి" అని నిలదీస్తుంది. ఎదురుగా ఉన్నది కట్టుకున్న మొగుడైనా, గ్యాస్ బండ తెచ్చిన మనిషైనా మర్యాద ఒకటే.

అంతా ఆవిడ ఉద్యోగం తెచ్చిన తంటా. మాటా చదువూ ఆలస్యంగా అందే చిన్నా పెద్దా పిల్లల కోసం పెట్టిన బడిలో మా అక్క టీచరు. పైన, కింద, లోపల, బయట, ముందు, వెనక, పక్కన. ఈ మాటలు నేర్పడంలోనే ఆవిడ జుట్టు నెరిసింది. ఇది కూడా ఒక పనేనా అని నేనొకసారి పైకే అన్నాను. "అయితే వెనక అంటే ఏంటో చెప్పవే, వింటాను" అంది. చెప్పబోయి చేతులు ఊపాను. ఆవిడ టీ తాగి గ్లాసు కడుక్కొచ్చేసరికి కూడా నేను ఊపుతూనే ఉన్నాను.

ఆవిడ సరంజామా ఏమంత లేదు. ఒక ఆకుపచ్చ స్టూలు, ఒక అట్టపెట్టె, చెవి ఊడిన గుడ్డ కుందేలు. కుందేలు స్టూలు మీద, కుందేలు స్టూలు కింద, కుందేలు పెట్టెలో. మర్నాటి పాఠం ఇంట్లో సరిచూసుకోవడం ఆవిడకు అలవాటు. కుందేలు ఉతుకులో ఉన్న రోజున మా బావే కుందేలు. మనిషి భారీ. ఎన్ని సాయంత్రాలు ఆయన బల్ల కిందికి దూరి, బయటికి రాలేక నన్ను కేకేశాడో.

బావ గడియారాలు బాగుచేస్తాడు. ఆవగింజంత మర చీకట్లో పడ్డా వెతికి తీస్తాడు గానీ, ఇంట్లో వస్తువు కనబడదు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికే రకం. పెళ్లయిన కొత్తలో అక్క కూడా అందరు పెళ్లాల్లాగే "అక్కడే ఉంది చూడండి" అనేది. బడిలో చేరాక మారిపోయింది. "నా కళ్లజోడేదే?" అంటే "రేడియో వెనక, డబ్బా పక్కన, తువ్వాలు కింద" అని జవాబొస్తుంది. పాపం, ఆ మూడూ దాటేలోపు ఆయన తను వెతుకుతున్నదేమిటో మరిచిపోతాడు.

ఆ బడిలో పందొమ్మిదేళ్ల పిల్ల ఒకతి ఉండేది. చేతులు వెనక్కి కట్టుకుని క్లాసంతా తనిఖీ చేస్తూ తిరుగుతుంది కాబట్టి అందరూ ఇన్‌స్పెక్టరమ్మ అంటారు. ఈవిడకు "కింద" నేర్పడానికి అక్క తల ప్రాణం తోకకొచ్చింది. తీరా నేర్చుకుందని సంబరపడుతుంటే, ఇంట్లో తల్లి మంచం కింద చెప్పులు తెమ్మంటే "స్టూలు లేదు" అని కదలకుండా నిలబడిందట. కింద అంటే ఆకుపచ్చ స్టూలు కిందే అనుకుంది. అక్క ఆ రోజే స్టూలును అటకెక్కించి, కుందేలును చంకన పెట్టుకుని బడిలో ఉన్న ప్రతి బల్లకూ, బెంచీకీ, చివరికి హెడ్మాస్టరు కుర్చీకీ కింద దూర్చింది. హెడ్మాస్టరు అప్పుడు కుర్చీలోనే ఉన్నాడు.

ఆ యేడుతో ఇన్‌స్పెక్టరమ్మకు బడి వయసు అయిపోతుంది. తర్వాత ఇల్లూ, కిటికీ, అంతే. అందుకని అక్క వీధి చివర లాండ్రీ యజమాని కాళ్లావేళ్లా పడి ఒక పూట పని చూపించడానికి ఒప్పించింది. హోటళ్ల దుప్పట్లు, తువ్వాళ్లు ఉతికి మడిచి అరల్లో సర్దే చోటు. అక్కడి పనివాళ్లు వేసుకునే నీలం ఏప్రన్‌కు ముందు పెద్ద జేబు ఉంటుంది. ఆ జేబు చూసిన రోజు నుంచి ఇన్‌స్పెక్టరమ్మకు అన్నం సయించలేదు.

ఆ రోజు నేనూ అక్కా లాండ్రీలో తెర వెనక, మాసిన బట్టల బుట్ట పక్కన నక్కాం. ఎదురుగా టీచరు కనిపిస్తే పిల్ల పని చూడదు, టీచరునే చూస్తుంది. నేనెందుకంటే, అక్క ఉండబట్టలేక బయటికి దూకకుండా కొంగు పట్టుకోవడానికి.

యజమాని మంచివాడే. అయితే బట్టలకు చీటీలు గుచ్చే పిన్నీసులు ఎప్పుడూ పెదాల మధ్య ఉంటాయి. వాటి సందులోంచి బయటపడగలిగే మాట ఒక్కటే. తువ్వాళ్ల కట్ట పిల్ల చేతుల్లో పెట్టి గడ్డం ఎగరేశాడు. "అక్కడ."

పిల్ల కదల్లేదు. వాక్యం పూర్తవుతుందని ఎదురుచూస్తోంది.

"అక్కడమ్మా."

"పైనా? కిందా?"

"అబ్బా, అక్కడ."

ఇన్‌స్పెక్టరమ్మ తువ్వాళ్ల కట్టను తిరిగి ఆయన చేతుల్లోనే పెట్టేసింది. "నోరుంది కదా, చెప్పండి" అంది. గొంతు అచ్చం మా అక్కదే. నేను కొంగు ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

యజమాని కోప్పడలేదు. పిన్నీసులు తీసి, తెర వైపు తిరిగి మాట్లాడాడు. కింద మా కాళ్లు కనబడుతున్నాయట. "టీచరమ్మా, పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేననేది అదే మాట. ప్రతి తువ్వాలుకూ చిరునామా చెప్పాలంటే నా వల్ల కాదు. వచ్చేవారం ఇంకోసారి చూద్దాం. అప్పటికీ కుదరకపోతే ఏమీ అనుకోకండి."

ఇంటికొచ్చి అక్క ముద్ద ముట్టలేదు. "లోకమంతా ఆ మాట మీదే నడుస్తోంది. దాన్ని పట్టుకుని నేను గెంటేశాను. పిల్ల బతుకు నేనే పాడుచేశానే" అని ఏడ్చింది. ఆవిడ ఏడుపు నేను చూడలేను. తిట్టినా భరిస్తాను గానీ అది భరించలేను.

అప్పుడు బావ కంచం పక్కకు జరిపాడు. "దాన్ని నాకు వదిలెయ్. అక్కడ అన్న మాట మీద ఈ ఇంట్లో నాకున్న అనుభవం ఎవరికుంది?"

"మీకా? మీకు ఎదురుగా ఉన్నదే కనబడదు."

"కనబడదు కాబట్టే. ఆ మాట చెవితో వినేది కాదే. అన్నవాళ్ల గడ్డం చూడాలి. గడ్డం ఎటు తిరిగితే అటు నడవాలి. ఏదో ఒకటి ముట్టుకుని 'ఇక్కడేనా' అనాలి. కాదంటే పక్కది ముట్టుకోవాలి. తిట్లు మొదలయ్యేలోపు దొరుకుతుంది."

అక్క కళ్లు తుడుచుకుంది. "కాపురం మొదలైనప్పటి నుంచీ మీరు చేసింది ఇదా?"

"మరేమనుకున్నావు?"

ఆ వారమంతా అక్కావాళ్ల ఇంట్లోనే క్లాసు. మాట అక్కే అనాలి. మొదటిసారి ఆముదం తాగినట్టు మొహం పెట్టి "అక్కడ" అంది. ఇన్‌స్పెక్టరమ్మ వేలు చూపించి "టీచర్, తప్పు మాట" అంది. బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. తర్వాత ఆ పిల్ల గడ్డాలు చూడటం మరిగింది. అక్క తల తిప్పితే చాలు, వెళ్లి బీరువా ముట్టుకుంటుంది, కిటికీ ముట్టుకుంటుంది, నిద్రపోతున్న బావ బట్టతల ముట్టుకుంటుంది. "ఇక్కడేనా?"

వారం తిరిగాక మళ్లీ అదే తెర, అదే కొంగు. యజమాని గడ్డం ఎగరేశాడు. పిల్ల ఆ గడ్డాన్ని ఎంత దగ్గరగా చూసిందంటే ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. తర్వాత వెళ్లి ఒక అర ముట్టుకుంది. "ఇక్కడేనా?"

"దాని పైది."

"పైన" అంటూ సర్దేసింది. బావ నేర్పినదీ అక్క నేర్పినదీ అలా ఒకచోట కలిశాయి. ఒక్కసారి మాత్రం మెడ పట్టేయడంతో ఆయన తల వీధి వైపు తిప్పాడు. పిల్ల దుప్పట్లతో సహా బయటికి నడిచి, ఎవరిదో సైకిలు సీటు ముట్టుకుని "ఇక్కడేనా?" అని అరిచింది. యజమాని నవ్వు ఆపుకోలేక పిన్నీసులు మింగబోయాడు. అవి తీసేసి, ఆమెను లోపలికి పిలిచి, కొక్కేనికి వేలాడే ఏప్రన్ ఇచ్చాడు.

ఆమె కట్టుకుంది. జేబులో చేయి పెట్టి చాలాసేపు అలాగే ఉంచింది.

"మీ టీచరమ్మ ఎక్కడమ్మా?" అని యజమాని తెలియనట్టు అడిగాడు.

ఆ పిల్లకు తెలుసు. తెర వెనక అనగలదు, బుట్ట పక్కన అనగలదు. ఆ మాటలు నేర్పడానికి మా అక్క ఎన్నేళ్లు అరిగిపోయిందో నాకు తెలుసు. ఇన్‌స్పెక్టరమ్మ జేబులోంచి చేయి తియ్యకుండా, మా వైపు గడ్డం ఎగరేసింది.

"అక్కడ" అంది.

అక్క కొంగు నా చేతిలోంచి లాక్కుని, దానితోనే మొహం తుడుచుకుంటూ బయటికొచ్చింది. ఎక్కడ అని మాత్రం అడగలేదు.