మోక వీధుల్లో నల్ల కప్పులు

పోయిన వానాకాలం డెంగీ నన్ను పదిహేను రోజులు మంచాన పడేసింది. జ్వరం పోయింది కానీ కీళ్లనొప్పులు మాత్రం అద్దెకు దిగిన మొండివాళ్లలా ఖాళీ చేయడం లేదు. అందుకే దోమల మీద పరిశోధన చేసే నా స్నేహితురాలు సుమతి "మోకకు రా, నీ శత్రువును చూపిస్తా" అంటే, ఓపిక లేకపోయినా సరేనన్నాను. అనంతపురంలో పొద్దున ఆరింటికి బస్సెక్కితే ఉరవకొండ మీదుగా బళ్లారి చేరేసరికి తొమ్మిదయింది. సుమతి అక్కడ కలిసింది. అక్కడి నుంచి మోకకు ఇంకో బస్సులో ముప్పావుగంట, నిలబడే ప్రయాణం. కర్ణాటక చిరునామా ఉన్న ఆడవాళ్లకు బస్సు ఉచితం, టికెట్ లేదు. నాకుంది, సీటే లేదు.

ఆ కుదుపుల్లోనే సుమతి తన పని చెప్పింది. వోల్బాకియా అనే సూక్ష్మజీవి చాలా పురుగుల్లో సహజంగానే ఉంటుందట. దాన్ని డెంగీ దోమలో చేర్చితే ఆ ఒంట్లో డెంగీ వైరస్ సరిగా పెరగలేదు. తల్లి దోమ నుంచి గుడ్ల ద్వారా పిల్లలకూ అందుతుంది. అలాంటి దోమల్ని వదలడానికి అనుమతులు ఇంకా రాలేదు. ముందు ఏ వీధిలో ఎన్ని దోమలున్నాయో తెలియాలి. అందుకని పోయిన బుధవారం ఇరవై ఇళ్లలో నల్ల కప్పులు పెట్టి, నీళ్లు పోసి, దోమలు గుడ్లు పెట్టేందుకు గుడ్డపేలిక వేసి వచ్చింది. ఈరోజు వాటిని తీసుకోవాలి.

మోకలో దిగి నలభై రూపాయలకు ఆటో మాట్లాడుకున్నాం. సంగతి విని డ్రైవర్ నవ్వాడు. "దోమల కోసం ఇంత దూరం వస్తిరా మేడమ్? మా ఇంటికి రాండి, మూట కట్టిస్తా."

వీధిలోకి వెళ్లేసరికి కప్పులన్నీ కడిగి, గోడల మీద వరసగా బోర్లించి ఉన్నాయి. సుమతి మెట్టు మీద కూలబడింది. గుడ్లు దొరకలేదంటే దోమల్లేవని ఈ వీధిని జాబితాలోంచి తీసేస్తారు.

అప్పుడే ఆ వీధి ఆశా కార్యకర్త తిప్పక్క వచ్చింది. కప్పులు పెట్టిన రోజు ఆమె కాన్పు కేసుతో బళ్లారి ఆసుపత్రిలో ఉంది. ఆమెకు చెప్పకుండా పెట్టడం సుమతి చేసిన పొరపాటు.

"నేనే పారబోయించినా మేడమ్. శుక్రవారమంటే ఈడ ఏ ఇంట్లోనూ నిలవ నీళ్లు ఉండకూడదు. మా అక్క కూతురు ఈ జ్వరంతోనే పాయ. అప్పట్నుంచి నిలవ నీళ్లు కనపడితే నా చెయ్యి ఊరుకోదు."

"నువ్వు చేసింది తప్పు కాదక్కా. చెప్పకపోవడం నా తప్పు," అని సుమతి మొత్తం వివరించింది. కప్పులో గుడ్లు దోమలై ఎగిరేలోపే వచ్చి తీసుకెళ్తామంది.

తిప్పక్క ఇంట్లోంచి కుంకుమ భరిణె తెచ్చింది. "బొట్టు పెట్టినదాన్ని ఎవరూ పారబోయరు. పదండి."

కప్పుల్లో మళ్లీ నీళ్లు పోస్తూ, బొట్లు పెడుతూ ఎండలో ఇరవై ఇళ్లు తిరిగాం. నా మోకాళ్లు ఏడుస్తున్నాయి. పారబోయమన్న నోటితోనే ఆమె ప్రతి గడపలోనూ పారబోయొద్దని చెప్పాల్సి వచ్చింది. ఒక అవ్వ వదల్లేదు. "ఇన్నేండ్లు తరిమించి, ఇప్పుడు దోమలకు ఉయ్యాల కట్టమంటావేందే తిప్పక్కా?"

చివరిది తిప్పక్క ఇల్లే. కప్పుకు బొట్టు పెట్టింది కానీ చెంబు మాత్రం సుమతి చేతికిచ్చింది. "మీరే పోయండి మేడమ్. నేను చూడలేను."

తిరుగు బస్సులో సీటు దొరికినా నిద్ర పట్టలేదు. నా శత్రువు నాకు కనిపించనే లేదు. సుమతి నీళ్లు పోస్తుంటే చేతులు కొంగులో దాచుకుని, గోడవైపు తిరిగి నిలబడిన తిప్పక్కే కనిపిస్తోంది. నాది పదిహేను రోజుల జ్వరం. ఆమె ప్రతి శుక్రవారం ఒక పిల్లను తలుచుకుంటూ నీళ్లు పారబోస్తోంది. ఇప్పుడు ఆ ఒక్క ఓదార్పునూ మేం కాసేపు ఆపమన్నాం. మీరు అటువైపు వెళ్తే పొద్దున్నే వెళ్లండి, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి, ఈ దోమ పగలే కుడుతుంది. ఏ ఇంటి మూలనైనా బొట్టు పెట్టిన నల్ల కప్పు కనిపిస్తే, మీ చెయ్యి ఊరుకోకపోయినా సరే, ఆ నీళ్లు మాత్రం పారబోయకండి.