సుగుణ గారి పెడల్ స్టీల్

2006లో ఫిల్మ్‌నగర్ రోడ్డు మీద పొద్దున్నే రెండు రకాల బండ్లు కనబడేవి. ఒకటి షూటింగ్ సామాను మోసే వ్యాన్లు, రెండోది హైటెక్ సిటీకి ఉద్యోగులను మోసే క్యాబులు. షేక్‌పేట వైపు దిగే సందులో నా షాపు. గిటార్లు, వయొలిన్లు, మాండొలిన్లు బాగుచేస్తాను. అడిగితే కొత్తవీ చేస్తాను. ఆ రోజుల్లో ఎక్కువ పని సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ల గిటార్లతోనే ఉండేది. సినిమా వాయిద్యకారులు రావడం బాగా తగ్గిపోయింది. స్టూడియోల్లో పది మంది వాయించేది ఒక్క కీబోర్డే వాయించేస్తోంది మరి.

ఆ వానాకాలంలో ఒక ఆవిడ పెద్ద నల్లటి పెట్టెతో ఆటో దిగారు. ఆటో డ్రైవరూ, నేనూ కలిసి దాన్ని లోపలికి మోశాం.

"యాదగిరి గారంటే మీరేనా అండీ?"

"నేనే మేడం. కూసోండ్రి."

ఆవిడ పేరు సుగుణ. ఉండేది మధురానగర్, సొంతూరు తెనాలి. యాభై దాటిన మనిషి. పెట్టె తెరిచేసరికి దగ్గరికి జరిగి వంగి చూశాను. అది పెడల్ స్టీల్ గిటార్. పుస్తకాల్లో బొమ్మ చూడటమే గాని, తాకిందెప్పుడూ లేదు. చూడ్డానికి గిటార్‌లా ఉండదు. నాలుగు కాళ్ల మీద నిలబడ్డ బల్లలా ఉంటుంది. పది తీగలు. వాయించేవాళ్లు కుర్చీలో కూర్చుని, ఎడమ చేత్తో గుండ్రటి ఉక్కు కడ్డీని తీగల మీద జారుస్తారు, కుడి చేత్తో మీటుతారు. కాలితో పెడళ్లు నొక్కితే, మోకాలితో లీవర్లు తోస్తే, మోగుతున్న తీగ మోగుతుండగానే స్వరం మారిపోతుంది. గొంతు గమకం తీసినట్టుంటుంది.

చిన్నప్పుడు వాళ్ల చర్చిలో ఉన్న ఒక విదేశీ ఫాదర్ దాన్ని ఆవిడకి ఇచ్చి వెళ్లారట. దాంతోనే మద్రాసులో సినిమా ఆర్కెస్ట్రాలో చేరారు. పరిశ్రమతో పాటు హైదరాబాద్ వచ్చారు. కీబోర్డులు వచ్చాక పిలుపులు ఆగిపోయాయి. బడిలో సంగీతం టీచరుగా చేరి, ఆదివారాలు చర్చిలో వాయిస్తున్నారు.

"మొన్న ఒక పెళ్లిలో వాయిస్తుంటే ఒక మ్యూజిక్ డైరెక్టర్ విన్నారండీ. కుర్రాడే. తన సినిమా నేపథ్య సంగీతానికి ఇదే కావాలన్నారు. ఆ వారమే మా ఇంటి పైకప్పు కారింది. చూడండి ఏమైందో."

చూశాను. తడిసిన చెక్క నిలువునా పగిలింది. అంతకన్నా పెద్ద దెబ్బ ఛేంజర్‌కి తగిలింది. ఛేంజర్ అంటే తీగలు ఆనుకునే చోటు. ఒక్కో తీగ కింద ఒక్కో అల్యూమినియం ముక్క ఉంటుంది. పెడల్ నొక్కితే అది కదిలి తీగను బిగిస్తుంది. ఆ ముక్కలన్నీ ఒకే ఉక్కు ఇరుసు మీద తిరుగుతాయి. ఏళ్ల వాడకంతో అరిగిపోయి ఉన్నాయి.

"దీన్ని అతికిస్త మేడం, గని శ్రుతి నిలవది. అబద్ధం చెప్పలేను."

ఆవిడ తీగల మీద చెయ్యి వేశారు. "రికార్డింగ్ రెండు నెలల్లో ఉందండీ. నేను లేకపోతే కీబోర్డుతో కానిచ్చేస్తారు. ఆ తర్వాత నన్ను ఇంకెవరూ పిలవరు. ఇలాంటిదే మరొకటి చేయగలరా?"

చేయగలనో లేదో నాకు తెలియదు. "చేస్త" అనేశాను.

తీగలు కొనడానికి వచ్చే ప్రవీణ్ అనే కుర్రాడు మాదాపూర్‌లో కంప్యూటర్ మీద కార్ల విడిభాగాలు డిజైన్ చేసేవాడు. విషయం చెబితే ఇంటర్నెట్‌లో వెతికాడు. పాత పెడల్ స్టీళ్లకు అచ్చు నకళ్లు చేసేవాళ్లు విదేశాల్లో ఉన్నారు గాని, ఆర్డరిస్తే ఏళ్లు ఆగాలట. తరువాతి శనివారం సన్నటి కొలతలు తీసే వెర్నియర్ పట్టుకుని వాడే షాపుకొచ్చాడు.

"అన్నా, ఆఫీసుల డోర్ తాళాలు గీసి గీసి బోర్ కొడ్తుంది. గిది మస్తుగుంది. ఒక్కో ముక్క ఇప్పి కొలుద్దాం."

విప్పాం, కొలిచాం, వాడు గీశాడు. ఇనుము, అల్యూమినియం పనులు బాలానగర్ లేతు షాపుల్లో చేయించాం. చెక్క దగ్గర ఆగిపోయాం. పాతది మేపుల్, ఇక్కడ దొరకని చెక్క. అదృష్టం కొద్దీ జూబ్లీహిల్స్‌లో ఒక కంపెనీ యజమాని ఇల్లు కడుతూ మెట్ల కోసం మేపుల్ పలకలు తెప్పించాడు. మేస్త్రీ నాకు తెలిసినవాడు. మిగిలిన పలకలు నా బల్ల మీదికొచ్చాయి.

రికార్డింగ్‌కు వారం ముందు వాయిద్యం సిద్ధమైంది. పెడళ్లు వెన్నలా కదులుతున్నాయి. శ్రుతి వెంట్రుకవాసి తప్పడం లేదు. నేనూ ప్రవీణ్ పెళ్లివారిలా ఎదురుచూస్తుంటే సుగుణ గారు వచ్చి కూర్చుని, ఒక కీర్తన వాయించి ఆపేశారు.

"చాలా బాగుందండీ. శ్రుతి ఎంత శుద్ధంగా ఉందో! కానీ..."

"చెప్పండ్రి మేడం."

"స్వరం పుట్టగానే పోతోంది. పాతదాంట్లో నిలబడేది." కుడి మణికట్టు చెక్క మీద ఆన్చి మళ్లీ మీటారు. "పాతదైతే చెక్క అదురు ఇక్కడ తగిలేదండీ. ఇందులో ఏమీ తెలియడం లేదు."

పికప్ అంటే తీగల అదురును కరెంటుగా మార్చే తీగచుట్ట. తప్పు అక్కడుందేమోనని పాతదాని పికప్ తీసి కొత్తదానికి బిగించాం. తేడా లేదు. అంటే లోపం చెక్కలోనో, లోహంలోనో ఉండాలి.

ప్రవీణ్ కాగితం మీద గీత గీయడం మొదలుపెట్టాడు. "తీగ అదురు ముక్కకు పోతది. ముక్కకెళ్లి ఇరుసుకు. ఇరుసుకెళ్లి..." వాడి పెన్సిల్ ఆగింది. అదే క్షణంలో నాకూ తట్టింది.

పాతదానిలో ఇరుసు నేరుగా లోహపు దిమ్మెల్లో కూర్చుంది, ఆ దిమ్మెలు నేరుగా చెక్కకు బిగించి ఉన్నాయి. ఆ ఇరుసు అరిగి గరగరమంటోంది కాబట్టి, కొత్తదానిలో ఇద్దరం ముచ్చటపడి నైలాన్ బుష్‌లు పెట్టాం. బుష్ అంటే ఇరుసు చుట్టూ తొడిగే గొట్టం. అవి గరగరను మింగాయి. దాంతోపాటే చెక్కకు చేరాల్సిన అదురును, పాటనూ మింగాయి.

"తీసేద్దమా అన్నా?"

"తీసేస్తె ఇరుసు వదులైతది, మళ్ల గరగర. లోహంలోనే కూసోవాలె, కదలొద్దు. పద, బాలానగర్ పోదాం."

కొత్త ఇరుసు చేయించి, దిమ్మెల రంధ్రాలకు సరిపోయేదాకా సన్నటి సానపొడితో నా చేత్తోనే రుద్దాను. తోస్తే వెళ్లాలి, వెళ్లాక ఊగకూడదు. ఆదివారం చర్చి నుంచి సుగుణ గారు నేరుగా షాపుకొచ్చారు. మణికట్టు ఆన్చి ఒకే ఒక్క తీగ మీటారు. ఆ స్వరం సందు దాకా వెళ్లి, ఇంకా మోగుతూనే ఉంది. ఆవిడ కళ్లు మూసుకున్నారు.

"వచ్చిందండీ," అన్నారు మెల్లగా. ప్రవీణ్ ఎగిరి గంతేసినంత పని చేశాడు.

రికార్డింగ్‌కు మమ్మల్నిద్దరినీ రమ్మన్నారు. కంట్రోల్ రూమ్ అద్దం వెనక నిలబడ్డాం. హాల్లో వయొలిన్ వాళ్లు ఒక వరుసగా కూర్చున్నారు. వాళ్ల ముందు మా వాయిద్యం, దాని వెనక తెల్లచీరలో సుగుణ గారు. తెర మీద దృశ్యం మొదలైంది. కడ్డీ ఒక్కసారి గురి తప్పినా, ఒక్క పెడల్ ఇరుక్కున్నా ఆవిడ పని అక్కడితో సరి.

ఆవిడ ఎత్తుకున్నారు. కడ్డీ జారుతూ పైకి వెళ్లింది, పెడల్ అందుకుంది, స్వరం వంగి, ఎక్కడా తెగకుండా మరో స్వరంలోకి ఒదిగింది. వయొలిన్లు దాని కిందికి వచ్చి చేరాయి. చివరి స్వరం ఆరిపోయేదాకా ఎవరూ కదల్లేదు. తర్వాత వయొలిన్ వాళ్లందరూ కమానులతో ఎదుటి నొటేషన్ స్టాండ్లను తట్టడం మొదలుపెట్టారు. వాయిద్యకారులు సాటి వాయిద్యకారులకు కొట్టే చప్పట్లు అవి.

మ్యూజిక్ డైరెక్టర్ మైకు అందుకుని, "మేడం, ఓకే. ఇంకో టేక్ అక్కర్లేదు," అన్నాడు.

"నాకు కావాలండీ," అన్నారు సుగుణ గారు. "రికార్డ్ చేయకపోయినా ఫర్వాలేదు. ఊరికే ఒక్కసారి వాయించుకుంటాను."

వాయించారు. అతను దాన్ని కూడా రికార్డ్ చేయించాడు. చివరికి సినిమాలో పెట్టింది ఆ రెండోదే.

ఆ తర్వాత ఆవిడకి పిలుపులు ఆగలేదు. నాకూ మరో రెండు పెడల్ స్టీళ్లు చేసే పని వచ్చింది. అప్పటి నుంచి పాత వాయిద్యం నకలు చేసేటప్పుడు నాకొక పద్ధతి ఏర్పడింది. అందులో ఏదైనా తప్పుగా కనిపిస్తే వెంటనే దిద్దను. పాత పనివాడు దాన్ని అలా ఎందుకు వదిలాడో ముందు ఆలోచిస్తాను. కొలతలు ఎంత బాగా సరిపోయినా, వాయించే మనిషి చెక్క మీద చెయ్యి ఆన్చి తలూపేదాకా ఆ పని పూర్తయినట్టు కాదు.