బానెట్ మీది వేడి

పాత కారు కొనే ముందు ఎవరైనా నన్ను సలహా అడిగితే నేను వెంటనే జవాబు చెప్పను. కాసేపు ఊరుకుంటాను. దాన్ని వాళ్లు నా జాగ్రత్త అనుకుంటారు. జాగ్రత్త కాదు. కొన్నేళ్లుగా నాలో ఒక అబద్ధం ఉంది. ఆ ప్రశ్న వినగానే అది కదులుతుంది, మళ్లీ సర్దుకునే దాకా నాకు మాట రాదు. ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మీకు మా ఇల్లు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది సూరత్‌లో స్థిరపడిన తెలంగాణ నేత కుటుంబం. ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాణ్ణి నేను. మా నాన్న తమ్ముణ్ణి కాకా అని పిలుస్తాను. కాక మీసాలు రాకముందే మరమగ్గాల షెడ్డులో చేరాడు. మరమగ్గాన్ని మావాళ్లు సాంచె అంటారు. చిన్నప్పుడు నేను ఆ షెడ్డు గుమ్మంలో నిలబడితే కాక తరిమేవాడు, పోయి చదువుకొమ్మనేవాడు. సాంచెల మోతకు ఆయన చెవులు సగం పోయాయి. ఆపైన దగ్గు పట్టుకుంది. షెడ్డులోని దుమ్ము ఇక పీల్చవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.

అప్పుడు కాక ఒక నిర్ణయానికి వచ్చాడు. షెడ్డు మానేసి, చీరల మూటలు కారులో వేసుకుని, బార్డోలీ వైపు దుకాణాలకు పొద్దున్నే చేరవేయాలి. అందుకు వెనుక సీటు మడిస్తే మూటలు పట్టేంత పొడవైన కారు కావాలి. ఆదివారం ఇంటిల్లిపాదీ ఎక్కడానికీ పనికిరావాలి. డీజిల్‌ది కావాలి. మా శక్తికి పాతదే కావాలి. అటువంటి కారును పత్రికల్లో ఎస్టేట్ అంటారు, ఇక్కడి బజారులో లంబీ గాడీ అంటారు.

ఎంపిక నాకు అప్పగించారు. నాకు కారు నడపడం రాదు. చదవడం వచ్చు. కాబట్టి చదివాను. పొగ రంగు ఏమి చెబుతుందో, టైరు ఒక పక్కనే అరిగితే దాని అర్థమేమిటో, ఇంజన్ ఆయిల్ మూత తీసి ఏమి చూడాలో తెలుసుకున్నాను. అన్నిటికంటే ముఖ్యమైన నియమం ఒకటి నా మనసులో నాటుకుపోయింది. డీజిల్ ఇంజన్‌ను చల్లగా ఉన్నప్పుడే పరీక్షించాలి. లోపల అరిగిపోయిన ఇంజన్ కూడా ఒకసారి వేడెక్కితే ఆరోగ్యంగానే నడుస్తుంది. దాని జబ్బు ఆ పూట మొదటి స్టార్టులోనే బయటపడుతుంది. మనం వెళ్లేసరికి ఇంజన్ వేడిగా ఉందంటే, అమ్మేవాడు ఏదో దాస్తున్నాడని అనుమానించాలి.

ఉధనాలో చూసిన మొదటి కారును సర్వీసు కాగితాలు లేవని తిరస్కరించాను. దాన్ని మా గల్లీలోనే ఉండే మల్లేశం మామ కొనుక్కున్నాడు. అది చక్కగా నడిచింది. రోజూ మా గుమ్మం ముందు హారన్ కొట్టి మరీ వెళ్లేవాడు. ఆ తర్వాత చూసినవీ నాకు నచ్చలేదు.

"మీ డిగ్రీ పిలగాడు బండ్లకు గూడ పరీక్ష పెడ్తున్నడట," అనేవాడు మల్లేశం మామ కాకతో. "ఒక్కటన్న పాసయ్యిందానే?"

కాక నవ్వేసేవాడు. నాకు నవ్వు వచ్చేది కాదు. అప్పటికే కాక షెడ్డు సేఠుకు మానేస్తున్నానని చెప్పి ఉన్నాడు. ఆయన స్థానంలోకి వేరే మనిషి కూడా కుదిరాడు.

చివరికి ఆల్థాన్‌లో ఒక కారు ఉందని తెలిసింది. తెల్లది, పొడవైనది, లోపల సీట్ల కవర్లు కూడా మాసిపోలేదు. మేము వచ్చేదాకా బండి స్టార్ట్ చేయవద్దని ముందురోజే యజమానికి ఫోన్ చేసి కోరాను. సరేనన్నాడు. మేము వెళ్లింది చలికాలపు ఉదయం. కారు అపార్టుమెంటు కింది పార్కింగులో, ఎండ సోకని మూలన ఉంది. వారం రోజులుగా కదపలేదని యజమాని చెప్పాడు.

కాక తిన్నగా వెళ్లి బానెట్ మీద అరచేయి ఆనించాడు. అది ఆయన షెడ్డు అలవాటు. డ్యూటీ ఎక్కగానే సాంచె మోటారు మీద చేయి పెట్టి చూసేవాడు. వెచ్చగా ఉంటే వెనుకటి షిఫ్టులో అది ఆగకుండా నడిచినట్టు. చల్లగా ఉంటే ఎక్కడో చెడిపోయి ఆగినట్టు, ఆ రోజు కూలి పోయినట్టు. ఆయనకు యంత్రంలో వేడి శుభసూచకం.

"ఉడుకుగున్నది కొడుకా," అన్నాడు సంబరంగా. "పనిల ఉన్న బండే. మూలకు వడ్డది గాదు."

నేనూ చేయి పెట్టాను. నిజమే, వేడిగా ఉంది.

యజమాని నావైపు తిరిగి, మీరు చదువుకున్నవారు, మీరే చూసి చెప్పండి అని హిందీలో అన్నాడు. తాళం తిప్పితే ఇంజన్ ఒక్క ఊపున అందుకుంది. కాక నా ముఖంలోకి చూశాడు.

"మంచిగున్నది కాకా. తీసుకుందం," అన్నాను.

ఎందుకలా అన్నాను? చాలాకాలం నాకు నేను చెప్పుకున్న కారణాలు ఉన్నాయి. యజమాని కారును తుడవడానికి బయటికి తీసి ఉండవచ్చు, వేడి ఒక అనుమానమే గాని రుజువు కాదు, అన్ని విధాలా మంచి కారు ఎక్కడా దొరకదు. ఇవన్నీ తర్వాత తయారైనవి. ఆ క్షణంలో నాకు వినిపించింది మల్లేశం మామ హారన్. ఇంకొక కారును ఫెయిల్ చేసి గల్లీలోకి తిరిగి వెళ్లే ధైర్యం నాకు లేకపోయింది. మరునాడు మళ్లీ వస్తామని, ఈసారి చల్లగా ఉంచమని చెప్పి ఉంటే సరిపోయేది. అంతమాత్రం చెప్పడానికి డిగ్రీ కూడా అవసరం లేదు.

మొదటి ఆదివారం అందరం డుమస్ బీచికి వెళ్లాము. టమాటా భజియా తింటూ కాక కారును దూరం నుంచి చూసుకున్నాడు. వెళ్లేటప్పుడు మల్లేశం మామ ఇంటి ముందు ఆయన కొట్టిన హారన్ చాలా పొడవుగా ఉండింది.

ఆ తర్వాత మూటలతో బయలుదేరాల్సిన ఉదయాలు మొదలయ్యాయి. కారు పొద్దున లేవదు. తాళం తిప్పితే తిరుగుతుంది, మూలుగుతుంది, తెల్లటి పొగ వదిలి ఆగిపోతుంది. గల్లీలో మగవాళ్లంతా కలిసి తోసేవారు.

"మీ లంబీ గాడికి డీజిల్ ఎందుకే, మేమున్నంగద," అని మల్లేశం మామ తోస్తూనే అనేవాడు.

మెకానిక్ చూసి, ఇంజన్ లోపల అరిగిపోయిందని, మొత్తం విప్పి చేయించాలని అన్నాడు. అది మా వల్ల అయ్యే పని కాదు. దుకాణాలు తెరిచే వేళకు మూటలు చేరక, బార్డోలీ వ్యాపారులు ఒకరి తర్వాత ఒకరు ఆ పనిని వేరేవాళ్లకు ఇచ్చేశారు. కాక ఎవరినీ ఏమీ అనలేదు. సాంచె తప్ప ఇంకో మిషను తన మాట వినదని మాత్రం అన్నాడు. తప్పు తన చేతిలోనే ఉందని నమ్మాడు. నేను పక్కనే కూర్చుని అది విన్నాను. కాదనలేదు.

ఇక అమ్మేద్దామనుకున్నాము. ఒకాయన చూడడానికి వస్తానన్న ఉదయం నేను కాకకు ఒక సలహా ఇచ్చాను. ఆ సలహా నా నోట ఎంత సులువుగా వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ నాకు ఆశ్చర్యం.

"ఆయన రాకముందే తోసి స్టార్ట్ చేసి, జరసేపు నడువనియ్యి కాకా. ఉడుకుగ ఉంటే ఒక్కసారికే అందుకుంటది."

కాకకు సరిగా వినబడలేదు. మళ్లీ గట్టిగా చెప్పాను. ఆయన తాళం చేతిలో పట్టుకుని ఆలోచించాడు.

"అంటే, పొద్దుగాల సతాయిస్తదని ఆయనకు ఎర్క గాదు."

"గాదు."

కాక బానెట్ వైపు చూశాడు. మెల్లగా అన్నాడు.

"మనం కొన్ననాడు గూడ ఉడుకుగనే ఉండె గదరా."

కాక నావైపు తిరిగాడు.

"నీకు ఎర్కేనా అప్పుడు?"

"లేదు కాకా. తర్వాత చదివిన."

"గంతే గద. ఎర్కుంటే నాకు జెప్పకుండ ఎట్లుంటవ్ తీయ్."

ఆయన కారును వేడి చేయలేదు. కొనడానికి వచ్చినాయనకు పొద్దున జర మొండికేస్తదని తానే చెప్పాడు. ఆయన దాన్ని విడిభాగాల కోసం, ఆ ధరకే తీసుకుపోయాడు. కాక మళ్లీ షెడ్డుకు వెళ్లాడు. పాత సేఠు దగ్గర చోటు లేక, మరో చోట కుదిరాడు. ఇప్పటికీ వెళుతున్నాడు. దగ్గు తగ్గలేదు.

ఆల్థాన్‌లో ఆ వేడి సంగతి నేను దాచడం పిరికితనం. దానికి ఏదో ఒక పేరు ఉంది, ఎవరైనా అర్థం చేసుకుంటారేమో. ఆ రెండో ఉదయానికి పేరు నాకు దొరకలేదు. ఆయన అడిగాడు. కోపంగా కాదు, తెలుసుకోవడానికి మాత్రమే అడిగాడు. అవును అంటే చాలు, తప్పు ఆయన చేతి మీద నుంచి తొలగిపోయేది. నేను కాపాడుకున్నది దేన్ని? ఆయన దృష్టిలో నా చదువును. ఆ చదువును నాకు ఇప్పించడానికి షెడ్డు గుమ్మంలో అడ్డంగా నిలబడిన మనిషి దగ్గరే దాన్ని కాపాడుకున్నాను.

ఇప్పుడైనా చెప్పవచ్చు కదా అని మీరు అడగవచ్చు. కాక చెవులు ఇప్పుడు మరీ మందగించాయి. ఏమి చెప్పాలన్నా కేక వేసి చెప్పాలి. ఈ మాటను కేక వేసి చెప్పడం ఎలాగో నాకు తెలియదు. గల్లీ అంతా వింటుంది. ఇది కూడా సాకే కావచ్చు. సాకులు నాకు ఎప్పుడూ మంచి భాషలోనే దొరుకుతాయి.

మొన్న షెడ్డు నుంచి ఇద్దరు, కొనబోయే పాత కారు ఒకటి చూసి పెట్టమని వచ్చారు. కాకే పంపాడట. "మా పిలగాణ్ణి అడుగుండ్రి, బండ్ల సంగతి వానికి మంచిగ ఎర్క" అన్నాడట. వాళ్లతో వెళ్లాను. ఎవరూ మాట్లాడకముందే బానెట్ మీద చేయి పెట్టాను. చల్లగా ఉంది. అయినా నేను వెంటనే ఏమీ చెప్పలేకపోయాను. వాళ్లు ఓపికగా నిలబడ్డారు.

ఈ నాలుగు మాటలు ఇంతవరకు ఎక్కడా రాయలేదు, ఎవరితోనూ అనలేదు. ఆ ఉదయం బానెట్ వేడిగా ఉంది. ఆ వేడికి అర్థం నాకు తెలుసు. కాక అడిగినప్పుడు కూడా తెలుసు.