మిరపకోతల్లో తప్పిపోయిన హాజరు

రెండేళ్ల కిందటి ఫిబ్రవరి నెల. దర్శికి దగ్గరలోని ఒక మండలంలో నేను ఎంఈఓగా పనిచేస్తున్నాను. ఎంఈఓ అంటే మండల విద్యాశాఖాధికారి. మండలంలో ఉన్న ప్రభుత్వ బడులన్నిటి మంచిచెడ్డలూ చూసుకోవలసిన ఉద్యోగం. అంతకుముందు చాలా ఏళ్లు లెక్కల టీచరుగా చేశాను కాబట్టి, బడికి అధికారి వస్తున్నాడంటే టీచరు గుండె ఎలా కొట్టుకుంటుందో నాకు తెలుసు.

నేను టీచరుగా ఉన్న రోజుల్లో తనిఖీ అంటే ఏడాదికోసారి జరిగే తంతు. అధికారి వచ్చేవారు, బోర్డు మీద తేదీ చూసేవారు, ఒకరిద్దరు పిల్లల్ని ఎక్కాలు అడిగేవారు, సంతకం పెట్టి వెళ్లిపోయేవారు. తర్వాత పద్ధతి మారింది. రోజూ పొద్దున్నే పిల్లల హాజరు ఫోన్లోనే వేయాలి. అది జిల్లా డ్యాష్‌బోర్డులోకి వెళుతుంది. ఏ బడిలో ఎంతమంది ఉన్నారో ఆఫీసులో కూర్చున్నవాళ్లకు చూపించే తెర అది. హాజరు బాగున్న బడి పచ్చగా, తగ్గిన బడి ఎర్రగా కనిపిస్తుంది. ఈ మార్పు వల్ల మేలు జరగలేదని నేను అనను. మధ్యాహ్నానికే తాళం పడే బడులు కొన్ని సాయంత్రం దాకా నడవడం నా కళ్లతో చూశాను.

అయితే ఆ ఫిబ్రవరిలో మా మండలంలో ఒక ప్రాథమికోన్నత పాఠశాల ఎర్రబడింది. ఒకటో తరగతి నుంచి ఏడు దాకా ఉన్న చిన్న బడి. సంక్రాంతి సెలవుల తర్వాత సగం మంది పిల్లలు మళ్లీ కనిపించలేదు. జిల్లా నుంచి నాకు ఉత్తర్వు వచ్చింది. అది ‘బోగస్ ఎన్‌రోల్‌మెంట్’ కావచ్చునని అనుమానం, వారంలోగా విచారణ చేసి చెప్పమని. లేని పిల్లల పేర్లు రాసి ఉన్నట్టు చూపించడాన్ని మా శాఖలో అలా అంటారు. పిల్లల సంఖ్యను బట్టి టీచరు పోస్టులు ఉంటాయి కనుక అలాంటివి అక్కడక్కడా జరిగేవి. రుజువైతే హెడ్మాస్టరుకు చార్జి మెమో ఇస్తారు. అక్కడితో ఆగదు, ఉద్యోగం పోయేదాకా వెళ్లవచ్చు. పై తరగతుల్ని హైవేకి అవతల ఉన్న పెద్ద బడిలో కలిపేస్తారు. లారీలు తిరిగే ఆ రోడ్డు దాటి ఏ తల్లీ ఆడపిల్లను పంపదు.

అక్కడి హెడ్మాస్టరు కోటేశ్వరరావు గారు. నెమ్మదైన మనిషి, రిటైర్మెంటుకు దగ్గరపడ్డవారు. నేను వెళ్లేసరికి చొక్కా చెమటతో తడిసి ఉంది.

“మేడమ్, పిల్లలు ఉన్నారండి. మిరపకోతలకు పోయారు. అమ్మానాన్నలతో పాటు వెళ్లిపోయారు” అన్నారు.

“ఏ ఊరు వెళ్లారు మాస్టారూ?”

“గుంటూరు జిల్లా అంటున్నారండి. ఊరి పేరు ఎవరూ సరిగ్గా చెప్పలేకపోతున్నారు. ఇప్పుడు నేను చెప్పేది సాకులాగా ఉంటుందని నాకూ తెలుసండి” అని తల దించుకున్నారు.

నిజమే, సాకులాగానే ఉంది. బోగస్ పేర్లు రాసిన హెడ్మాస్టర్లు కూడా ఇదే మాట చెప్పేవారు.

ఊళ్లోకి వెళ్లాను. చాలా ఇళ్లకు తాళాలు. ఒక అరుగు మీద ఆదెమ్మ అనే ముసలమ్మ కనిపించింది. ఏడో తరగతి చదివే నాగమణికి నాయనమ్మ.

“పిల్లని ఎందుకు తీసుకెళ్లారమ్మా? నీ దగ్గర ఉంచొచ్చుగా?” అని అడిగాను.

“నాకే కళ్లు కనపడవు, దాన్ని నేనేం చూసేదమ్మా? పైగా చంటోడు ఉన్నాడుగా. తల్లి కోతకి పోతే ఆడ్ని ఎవరెత్తుకోవాల? ఈ ఏడు ఈడ వానల్లేక పైరు ఎండిపాయె. మేస్త్రీ వచ్చి అందర్నీ ఆటోలో తోలకపోయినాడు” అంది.

కూలీలను కుదిర్చి తీసుకెళ్లే మేస్త్రీ నంబరు పక్కింటివాళ్ల దగ్గర దొరికింది. రెండుసార్లు కట్ చేశాడు. మూడోసారి ఎత్తి, “పిల్లల చేత పని చేయించట్లా మేడమ్, కేసులేం పెట్టమాకండి” అన్నాడు. కేసు కాదని, పిల్లల్ని చూస్తే చాలని ఎంతో నచ్చచెప్పాక ఊరి పేరు చెప్పాడు. చిలకలూరిపేట దాటి, ప్రత్తిపాడు వైపు.

అది నా మండలం కాదు, నా జిల్లా కూడా కాదు. అక్కడికి వెళ్లమని నాకెవరూ చెప్పలేదు. బడిలో పిల్లలు లేరు అని ఉన్నదున్నట్టు రాసి పంపితే నా పని అయిపోయినట్టే. కానీ ఆ మాట రాస్తే దాని అర్థం ఏమవుతుందో నాకు తెలుసు. నేనూ వస్తానండీ అని కోటేశ్వరరావు గారు బతిమాలారు. ఆయన మీద విచారణకు ఆయన్నే వెంట తీసుకెళ్లడం కుదరదన్నాను. మా మండలంలో బడులకూ ఆఫీసుకూ మధ్య తిరిగే సీఆర్పీ సుజాతను తోడు రమ్మన్నాను. రాత్రికి గుంటూరు బ్రాడీపేటలో మా చెల్లెలింట్లో పడుకుని, పొద్దున్నే బస్సెక్కాం.

ఊరు ఇంకా రాకముందే ఘాటు తగిలింది. కళ్లాల నిండా మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. చేల గట్ల మీద పట్టాలతో వేసుకున్న గుడిసెలు. ఆడవాళ్లు ముఖాలకు తువ్వాళ్లు కట్టుకుని వంగి కోస్తున్నారు. సుజాత దగ్గుతూనే ఒకావిణ్ణి, “మీ పిల్లలేరమ్మా?” అని అడిగింది.

ఆవిడ నడుం ఎత్తకుండానే, “ఇంకేడుంటారు, బడికి పోయినారు” అంది.

సుజాతా నేనూ ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం.

ఆ ఊరి బడికి మేం వెళ్లేసరికి భోజనాల వేళ. హెడ్మిస్ట్రెస్ విజయలక్ష్మి గారు గేటు దగ్గరే ఎదురొచ్చారు. నేను ఎంఈఓనని చెప్పగానే ఆవిడ ముఖం పాలిపోయింది.

“మేడమ్, నన్ను చెప్పుకోనివ్వండి. తప్పే. మా లెక్కలో లేని పిల్లలకు అన్నం పెట్టకూడదని తెలుసు. కానీ రోజూ భోజనం గంటకి వచ్చి గేటు పట్టుకుని నిలబడుతుంటే ఎలా పొమ్మంటామండీ? వంటావిడతో చెప్పి ఉన్నదే సర్దుతున్నాను. అన్నం తిన్నాక ఎలాగూ ఇక్కడే ఉంటున్నారని, పొద్దున్నే రమ్మని క్లాసుల్లో కూర్చోబెట్టాను” అన్నారు.

అక్కడ ఒక హెడ్మాస్టరు పిల్లలు తక్కువయ్యారని వణికిపోతున్నాడు. ఇక్కడ ఈవిడ పిల్లలు ఎక్కువయ్యారని వణికిపోతోంది. ఇద్దరూ భయపడుతున్నది మమ్మల్ని చూసే.

“విజయలక్ష్మి గారూ, నేను మీ మీదికి రాలేదు. ముందు ఆ పిల్లల్ని చూపించండి” అన్నాను.

వరండాలో వరసగా కూర్చుని తింటున్నారు. వాళ్లు మా బడి పిల్లలేనని నేను తేల్చుకోవాలి. పేర్లు నేను చదివితే ఎవరైనా చెయ్యెత్తుతారు. అందుకే, “ఎవరమ్మా మీ సారు? ఎలా ఉంటారు?” అని మాత్రం అడిగాను.

చంకలో చంటి తమ్ముణ్ణి పెట్టుకుని చెంచాతో తినిపిస్తున్న ఒక పిల్ల తలెత్తింది. “కోటేశ్వరరావు సారండి. లావు కళ్లద్దాలు. సుద్దముక్క జేబులో పెట్టుకుని మర్చిపోతాడు, చొక్కా అంతా తెల్లగా ఉంటది” అంది. మిగతా పిల్లలు పకపకా నవ్వారు. ఒక్కొక్కరే అందుకున్నారు. సారు పాడే పద్యం ఒకడు, సారు బండి చప్పుడు ఇంకొకడు. ఇంతమంది చేత ఇన్ని మాటలు ఎవరూ నేర్పించి చెప్పించలేరు. ఆ తర్వాత హాజరు పట్టీ తీసి పేర్లు సరిచూస్తే లెక్క కూడా సరిపోయింది.

“నీ పేరేంటమ్మా?”

“నాగమణి. ఏడో తరగతి.” కాస్త ఆగి, “మేడమ్, మా బడిలో పరీక్షలు అయిపోతాయా? నా పేరు కొట్టేశారా?” అంది. మిరపకాయలు ముట్టుకున్న వేళ్లు కంటికి తగలకుండా మోచేత్తో కళ్లు తుడుచుకుంది. తల్లికి సాయంగా పొద్దునపూట కాసేపు తొడిమలు తీసి వస్తుందట.

అక్కడి నుంచే మా జిల్లా విద్యాశాఖాధికారికి, అంటే డీఈఓ గారికి, ఫోన్ చేశాను. ఆయన ఏదో మీటింగులో ఉన్నారు.

“అమ్మా, ఒక్క మాటలో చెప్పండి. బోగస్సా, కాదా?”

“కాదు సార్.”

“మరి పిల్లలెక్కడ?”

“నా ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నారు సార్. నేను గుంటూరు జిల్లాలో ఉన్నాను.”

అనుమతి లేకుండా జిల్లా దాటినందుకు నాకే మెమో వస్తుందేమో అనుకున్నాను. “ఒక పిల్లకి ఫోనివ్వండి” అన్నారు ఆయన. నాగమణికి ఇచ్చాను. ఆయన ఏమడిగారో వినపడలేదు. ఆ పిల్ల మాత్రం, “బానే ఉన్నాను సార్... చారు కొంచెం నీళ్లగా ఉందండి... పరీక్షలు రాస్తాను సార్, రాయనిస్తే” అంది. విజయలక్ష్మి గారు నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారో ఏడుస్తున్నారో నాకు అర్థం కాలేదు.

ఫోన్ నా చేతికి వచ్చాక ఆయన గొంతు మారింది. “అక్కడి డీఈఓతో నేను మాట్లాడతాను. రెండు బడుల్లోనూ ఎవరి మీదా చర్య ఉండదు. పేపర్లు రాష్ట్రమంతా ఒకటేగా, పరీక్షలు అక్కడే రాయించమనండి. మీరు చూసింది చూసినట్టు రాసి పంపండి” అన్నారు.

భోజనానికి ఇంటికి వెళ్లి ఉన్న కోటేశ్వరరావు గారికి ఫోన్ చేశాను. “పిల్లలు కనపడ్డారు మాస్టారూ. బాగున్నారు. మీకేం కాదు” అన్నాను. ఆయన తన సంగతి అడగలేదు. “నాగమణి కనపడిందాండీ? దానికి భిన్నాలు ఇంకా రావండి. అక్కడ చెప్పారేమో కనుక్కోండి” అన్నారు. వాళ్లావిడ ఫోన్ తీసుకుని, “ఇవాళైనా అన్నం తింటారు మేడమ్” అంది.

పిల్లలంతా అక్కడే పరీక్షలు రాశారు. హైవే అవతలి బడిలో కలిపే ప్రతిపాదన ఆగిపోయింది. మరుసటి కోతల కాలానికి ఫోన్లో హాజరు వేసే యాప్‌లోనే ఒక మార్పు వచ్చింది. వలస వెళ్లిన పిల్ల ఏ బడిలో కూర్చుంటే ఆ బడిలోనే హాజరు వేయవచ్చు. అన్నం కూడా అక్కడి లెక్కలోకి వస్తుంది, సొంత బడిలో పేరు పోదు. ఇదంతా నా ఒక్కదాని వల్ల జరిగిందని చెప్పుకోను. ఇలాంటి సంగతులు ఇంకా ఎన్నో మండలాల నుంచి పైకి వెళ్లి ఉంటాయి. పంపినవాళ్లలో నేనూ ఒకదాన్ని, అంతే. అయినా ఆ రోజు తిరుగుబస్సులో సుజాత నా భుజం మీద తల వాల్చి నిద్రపోతుంటే, ఎన్నాళ్లకో ఒళ్లు తేలికైనట్టు అనిపించింది.

బడుల మీద పర్యవేక్షణ ఎలా ఉండాలని ఇప్పుడు శిక్షణకు వచ్చే కొత్త అధికారులు అడుగుతుంటారు. తెర ఉండాలనే చెబుతాను. అది ఎర్రబడకపోతే నేను ఆ ఊరి వైపు వెళ్లేదాన్నే కాదు. కాకపోతే తెర చెప్పేది పిల్ల అక్కడ లేదని మాత్రమే, ఎందుకు లేదో దానికి తెలియదు. అది తెలియాలంటే ఎవరో ఒకరు బస్సెక్కాలి. పిల్ల కనపడకపోతే ముందు పిల్లని వెతకండి, తప్పు ఎవరిదో తర్వాత వెతకొచ్చు అంటాను. వెతికినప్పుడు చాలాసార్లు పిల్ల దొరికింది. తప్పు మాత్రం అనుకున్న చోట దొరకలేదు.